మనవలు ఎవరింట్లో ఉంటున్నారు? ఒక రిఫండ్ ఆడిట్ కేసు

నేను అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఎన్‌రోల్డ్ ఏజెంట్‌గా పనిచేస్తాను. టాక్స్ రిటర్నులు వేయడంతో పాటు, ఆడిట్ ఉత్తరం వస్తే క్లయింటు తరఫున మాట్లాడే అధికారం ఇచ్చే లైసెన్సు ఇది. ఇల్లు, ఆఫీసు రెండూ ఫోర్సైత్ కౌంటీలో, కమ్మింగ్ దగ్గర. అట్లాంటా తెలుగువాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. స్కూళ్ళు బాగుంటాయని వచ్చి ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళు ఇక్కడ వేలల్లో ఉన్నారు. నా క్లయింట్లలో ఎక్కువమంది వాళ్ళే. టాక్స్ సీజన్‌లో శనివారాలు మాత్రం ఊరికి ఆ చివర ఉన్న క్లేటన్ కౌంటీకి వెళ్తాను. అక్కడ ఒక చర్చి హాల్లో తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఉచితంగా రిటర్నులు వేస్తాం.

ఈ కేసు అక్కడే నా దగ్గరికి వచ్చింది. ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను. పేరు రాయను, ఆవిణ్ణి గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

2023 ఏప్రిల్ 15, గడువుకి ముందు చివరి శనివారం. హాలు కిటకిటలాడుతోంది. 58 ఏళ్ళ నల్లజాతి పెద్దావిడ ఒకరు రిటర్ను వేయించుకోవడానికి కాకుండా ఒక ఉత్తరం చూపించడానికి వచ్చారు. నాలుగు మడతలు పెట్టిన కాగితం, పైన మాగ్నెట్ గుర్తు. చాలా రోజులు ఫ్రిజ్ మీద ఉంచారట. ఎవరో ఇలాంటివి మోసగాళ్ళు పంపుతారు, పట్టించుకోవద్దన్నారట. విప్పి చూస్తే అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ పంపిన సీపీ75 నోటీసు. "మీ రిఫండ్ ఆపాం, ఈ పిల్లలు మీ పిల్లలేనని, మీ దగ్గరే ఉంటున్నారని రుజువు చేసే కాగితాలు 30 రోజుల్లో పంపండి" అని దాని సారాంశం. అప్పటికి తొమ్మిది రోజులే మిగిలాయి.

ఉచిత శిబిరంలో ఆడిట్ కేసులు చేయం. ఆవిడ చేత ఫారం 2848 మీద, అంటే నా పేర ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ మీద, సంతకం పెట్టించుకుని విడిగా, ఫీజు లేకుండా తీసుకున్నాను. గడువు పెంచమని మొదట ఒక ఫాక్స్ పంపాను.

ఫైల్లో ఏముంది

ఆవిడ వృద్ధుల ఇళ్ళకి వెళ్ళి వాళ్ళకి స్నానం చేయించడం, మందులు ఇవ్వడం, అన్నం తినిపించడం చేసే హోమ్ హెల్త్ ఎయిడ్. 2022లో డబ్ల్యూ-2 మీద, అంటే యజమాని ఇచ్చే జీతం పత్రం మీద, 23,400 డాలర్లు. కూతురు పని కోసం వేరే రాష్ట్రంలో ఉంటోంది. తొమ్మిదేళ్ళ మనవడు, ఆరేళ్ళ మనవరాలు ఈవిడ దగ్గరే ఉంటున్నారు.

రిటర్ను ఫిబ్రవరిలో రోడ్డు పక్కన ఒక చిన్న టాక్స్ దుకాణంలో వేయించుకున్నారు. రెండు వందల డాలర్లు నగదు తీసుకున్నారట. డబ్బు తీసుకుని రిటర్ను వేసిన మనిషి దాని మీద సంతకం పెట్టి తన నంబరు వేయాలి. అది చట్టం. ఇక్కడ ఆ గడులు ఖాళీగా ఉన్నాయి. చూడటానికి ఆవిడే స్వయంగా వేసుకున్నట్టు ఉంది. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. పిల్లల వరసలో మనవడు, మనవరాలు అని కాకుండా కొడుకు, కూతురు అని రాశారు. ప్రభుత్వం దగ్గర ఉన్న సోషల్ సెక్యూరిటీ రికార్డుల్లో పిల్లల తల్లి పేరు వేరే ఉంటుంది. ఆడిట్‌కి ఎందుకు ఎంచుకున్నారో ఉత్తరంలో ఉండదు కానీ, ఆ గడి చూడగానే నాకు గుండె జారింది.

డబ్బు లెక్క ఇదీ. ఇద్దరు పిల్లలతో, ఆ జీతానికి ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్, అంటే తక్కువ జీతంతో పనిచేసేవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చేది, సుమారు 5,470 డాలర్లు. చైల్డ్ టాక్స్ క్రెడిట్‌లో రిఫండ్‌గా వచ్చే భాగం 3,000. మొత్తం 8,470 డాలర్లు, ఏడాది జీతంలో మూడో వంతు కంటే ఎక్కువ.

అదే వారం కమ్మింగ్ ఆఫీసులో నా టేబుల్ మీద ఇంకో ఫైలు ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న తెలుగు దంపతులు, ఇద్దరు పిల్లలు. ఇద్దరి జీతాలు కలిపి 3,40,000. షేర్లు అమ్మితే వచ్చిన దీర్ఘకాలిక లాభం 60,000. ఇద్దరూ చెరొక 20,500 చొప్పున 401(కె) అనే రిటైర్మెంట్ ఖాతాలో వేసుకున్నారు. వాళ్ళు ఉన్న 24 శాతం శ్లాబులో ఆ 41,000 మీద ఆ ఏడాది కట్టక్కర్లేకుండా పోయిన పన్ను 9,840 డాలర్లు. అది ఎగ్గొట్టిన పన్ను కాదు, రిటైరయ్యాక కట్టాల్సిందే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ ఏడాది వరకు చూస్తే పెద్దావిడకి ఆపేసిన మొత్తం కంటే అది పెద్దది. షేర్ల లాభం మీద 15 శాతం, దాని మీద ఇంకో 3.8 శాతం. అదే 60,000 జీతంగా వచ్చి ఉంటే 26 శాతం పైనే పడేది.

నన్ను ఆపింది చైల్డ్ టాక్స్ క్రెడిట్. ఇద్దరు పిల్లలకి ఆ దంపతులకి పూర్తిగా 4,000 డాలర్లు వచ్చింది. 2017 చట్టం ప్రకారం దంపతులకి నాలుగు లక్షల దాకా ఆదాయం ఉన్నా ఆ క్రెడిట్ తగ్గదు. పెద్దావిడకి వచ్చేది 3,403. ఆవిడ మీద పడే పన్ను 403 డాలర్లే కాబట్టి అది మాఫీ, ఆపైన రిఫండ్ రూపంలో 2022కి ఒక్కో పిల్లకి 1,500 మించి ఇవ్వకూడదు. అదే వయసు పిల్లలు, అదే క్రెడిట్. ఎక్కువ అవసరం ఉన్న ఇంటికి తక్కువ వస్తోంది. పైగా 'మీ పిల్లలు మీ ఇంట్లో ఉంటున్నట్టు రుజువు చూపించండి' అని ఆ దంపతులని ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నా, రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టుకుని చూసింది ఆ రోజే.

కాగితాలు

ఇలాంటి ఆడిట్‌లో ఫారం 886-హెచ్-ఈఐసీ అనే ఒక జాబితా వస్తుంది. ముఖ్యంగా రెండు విషయాలు రుజువు చేయాలి. ఒకటి బంధుత్వం, రెండోది ఏడాదిలో సగం కంటే ఎక్కువ కాలం పిల్లలు మీ ఇంట్లో ఉన్నారని.

కన్నపిల్లలైతే బర్త్ సర్టిఫికెట్ ఒక్కటి చాలు. మనవలకి చాలదు. పిల్లల సర్టిఫికెట్ మీద తల్లి పేరు ఉండాలి, ఆ తల్లి సర్టిఫికెట్ మీద ఈవిడ పేరు ఉండాలి. కూతురు పుట్టినప్పటికి ఈవిడకి పెళ్ళి కాలేదు, పుట్టింటి పేరుతో ఉన్నారు. కాబట్టి ఆ పేరూ ఈ పేరూ ఒకరివేనని చూపించడానికి పెళ్ళి సర్టిఫికెట్ కూడా కావాలి. మూడు తరాల కాగితం పోగు చేయడానికి మూడు ఆఫీసుల చుట్టూ తిరిగారు. పనికి వెళ్ళని రోజు జీతం లేని ఉద్యోగం ఆవిడది.

నివాసం రుజువు ఇంకా కష్టం. అద్దె కాగితంలో ఆవిడ పేరు ఒక్కటే ఉంది. ఇంటి ఓనరుని ఉత్తరం అడగమన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "హనీ, పిల్లలున్నారని కాగితం మీద ఒప్పుకుంటే ఖాళీ చేయమంటాడు." నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. పన్ను ఆఫీసుకి చూపించాల్సిన నిజం, ఇంటి ఓనరు దగ్గర దాచుకోవాల్సిన నిజం, రెండూ ఒకటే.

చివరికి పిల్లల డాక్టరు దగ్గర టీకాల రికార్డు దొరికింది. చిరునామాతో సహా, 2022 ఫిబ్రవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి తేదీలు ఉన్నాయి. స్కూలు నుంచి చిరునామా ఉన్న ఉత్తరం తెప్పించాను. మే మొదట్లో అన్నీ కట్టగట్టి పంపాను.

జులైలో జవాబు వచ్చింది, చాలదని. తప్పు నాదే. స్కూలు ఉత్తరం 2022-23 విద్యా సంవత్సరానిది. జార్జియాలో బడి ఆగస్టులో తెరుస్తారు. పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు. ఆ ఉత్తరం రుజువు చేసేది ఆగస్టు నుంచి డిసెంబరు దాకా, అంటే అయిదు నెలలే. చట్టం అడిగేది సగం కంటే ఎక్కువ. ముందటి సంవత్సరం, 2021-22 ఉత్తరం కూడా జతచేసి ఉంటే జనవరి నుంచి మే కూడా కలిసేది. టీకాల రికార్డు ఆ ఖాళీ పూడుస్తుందనుకున్నాను. రెండు తేదీలు రెండు రోజుల్ని చూపిస్తాయి కానీ నెలల్ని చూపించవు. ఇలాంటి కేసులు తీసుకునే తోటివాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: స్కూలు ఉత్తరాలు ఎప్పుడూ రెండు విద్యా సంవత్సరాలవి తీసుకోండి.

నా పొరపాటుకి ఆవిడ కట్టిన ఖరీదు నాకు తర్వాత తెలిసింది. మే నెలలో అద్దె కోసం కారు టైటిల్, అంటే కారు యాజమాన్య పత్రం, తాకట్టు పెట్టి 1,200 డాలర్లు తెచ్చుకున్నారు. జార్జియాలో దీన్ని అప్పు అనరు, తాకట్టు అంటారు. మొదటి మూడు నెలలు నెలకి 25 శాతం దాకా, ఆ తర్వాత 12.5 శాతం దాకా వసూలు చేసుకోవచ్చని చట్టమే చెబుతుంది. నెలకి మూడు వందల చొప్పున మూడు నెలలు, ఆ తర్వాత నెలకి నూట యాభై చొప్పున ఇంకో అయిదు నెలలు. అసలు అలాగే ఉండగా వడ్డీయే 1,650. కారు పోతే ఉద్యోగం పోతుంది, అందుకే వడ్డీ ఒక్క నెల కూడా ఆపలేదు. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జులైలో ఒక వాదన

ఆ నెలలోనే మా తోడికోడలి ఇంట్లో పిల్లాడి పుట్టినరోజు. జూన్ 29న సుప్రీం కోర్టు హార్వర్డ్ కేసులో తీర్పు ఇచ్చి అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదంది. ఏ తెలుగు ఇంట్లో చూసినా అదే చర్చ. మా తోడికోడలి తమ్ముడు చాలా సంతోషంగా ఉన్నాడు. మాట అడ్మిషన్ల నుంచి టాక్సుల మీదకి మళ్ళింది.

"అక్కా, నువ్వు చెప్పు. మన దగ్గర పట్టుకున్న టాక్సే కదా వాళ్ళకి రిఫండ్‌గా పోయేది? కట్టని పన్ను వెనక్కి రావడమేంటి?"

పెద్దావిడ ఎవరో చెప్పకుండా లెక్క చెప్పాను. 23,400 మీద సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) కింద 7.65 శాతం, అంటే 1,790 డాలర్లు మొదటి డాలరు నుంచే పట్టుకున్నారు. సోషల్ సెక్యూరిటీ వాటా 6.2 శాతం. అది 2022లో 1,47,000 దగ్గర ఆగిపోయింది. రెండు లక్షల పదివేలు సంపాదించిన మనిషికి అది లెక్కేస్తే 4.3 శాతమే. ఎక్కువ కట్టేది మనమే, నిజం. కానీ ఆవిడ కట్టడం లేదన్నది నిజం కాదు.

వాడు ఊరుకోలేదు. ఊరుకోకపోవడం మంచిదే, ఎందుకంటే వాడి రెండో ప్రశ్న సరైనది. "ఆ ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్‌లో నూటికి ముప్పై రూపాయలు తప్పుడు చెల్లింపులని ప్రభుత్వమే చెబుతోంది కదా, చూడకుండా ఎలా ఇస్తారు?" అవును, 2022 లెక్కలో ఆ రేటు ముప్పై శాతం దాటింది, దాదాపు 18 బిలియన్ డాలర్లు. చూడాల్సిందే. అయితే అందులో మోసంతో పాటు వరస తప్పు రాసిన రిటర్నులూ, కాగితం తేలేకపోయిన అమ్మమ్మలూ ఉన్నారు. ఇక మొత్తం దేశంలో 2021కి కట్టాల్సి ఉండీ సమయానికి కట్టని పన్ను 688 బిలియన్లని ఐఆర్ఎస్ అంచనా. అందులో పెద్ద భాగం వ్యాపార ఆదాయం తక్కువ చూపించడం. ఒక వ్యాపారం లెక్కలు తవ్వాలంటే అనుభవం ఉన్న ఆడిటరు నెలల తరబడి కూర్చోవాలి. పెద్దావిడకి ఒక ఉత్తరం పోస్టు చేస్తే చాలు. ఎవరికి ఉత్తరాలు ఎక్కువ వెళ్తాయో అక్కడే తేలిపోతుంది.

టాక్స్ ఫారం మీద జాతి అడిగే గడి లేదు. అయినా 2023 జనవరిలో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు, ట్రెజరీ (అమెరికా ఆర్థిక శాఖ) ఆర్థికవేత్తలు కలిసి చేసిన అధ్యయనంలో నల్లజాతి వాళ్ళకి ఆడిట్ వచ్చే రేటు మిగతావాళ్ళ కంటే 2.9 నుంచి 4.7 రెట్లు ఉందని తేలింది. తేడా ఎక్కువగా ఈ క్రెడిట్ తీసుకునేవాళ్ళ దగ్గరే కనిపించింది. ఆ మేలో అప్పటి ఐఆర్ఎస్ కమిషనర్ డానియెల్ వెర్ఫెల్ సెనేట్‌కి రాసిన ఉత్తరంలో తేడా ఉన్న మాట ఒప్పుకున్నారు. ఎవరూ రంగు చూసి ఎంచలేదు. కంప్యూటరుకి ఏం వెతకమని చెప్పామన్నదే అసలు విషయం. మొత్తం ఎంత పన్ను పోయిందో వెతకమంటే ఒకలా ఎంచుతుంది, తప్పుగా వెళ్ళిన రిఫండ్ వెతకమంటే ఇంకోలా ఎంచుతుంది. రెండో దారిలో నల్లజాతి ఇళ్ళు ఎక్కువ పడతాయి.

అటువైపు చూడండి. అదే జనవరిలో ట్రెజరీ ఇంకో లెక్క వేసింది. షేర్లు, ఆస్తుల లాభాల మీద తక్కువ రేటు వల్ల కలిగే ప్రయోజనంలో 92 శాతం తెల్లజాతి కుటుంబాలకి పోతోంది. ఇంటి లోను వడ్డీ డిడక్షన్‌లో 84 శాతం. మొత్తం కుటుంబాల్లో వాళ్ళు 67 శాతం. చట్టం ఆస్తి ఉన్నవాళ్ళని ఆదరిస్తుంది, ఆస్తి ఎవరి దగ్గరుందో చరిత్ర తేల్చేసింది. ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వేలో సంపద వరసలో సరిగ్గా మధ్యలో ఉన్న కుటుంబం ఆస్తి, అప్పులు పోను, తెల్లవాళ్ళలో 2,85,000 డాలర్లు, నల్లవాళ్ళలో 44,900. ఆసియన్లలో 5,36,000. మనం ఏ వైపున్నామో ఆ చివరి అంకె చెబుతుంది.

"మనకెవడిచ్చాడక్కా? కష్టపడి, మెరిట్‌తో వచ్చాం" అన్నాడు. కష్టపడ్డాడు, నాకు తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చదివాడని కూడా తెలుసు. మన దేశాలకి తలుపు తీసిన 1965 ఇమిగ్రేషన్ చట్టం, నల్లవాళ్ళు వీధుల్లో దెబ్బలు తిని సాధించిన 1964 పౌరహక్కుల చట్టం వెనకాలే వచ్చింది. ఆ మాట చెప్తే వాడు కాసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నాడని అనను. కేకు కోయడానికి పిలిచారు.

మా కౌంటీ

ఆగస్టులో రెండో కట్ట సిద్ధం చేస్తున్నప్పుడు పెద్దావిడ నా ఆఫీసు ఎక్కడని అడిగారు. ఫోర్సైత్ అన్నాను. చేతిలో పెన్ను ఆగింది. "చీకటి పడ్డాక మా అమ్మ అటు వెళ్ళనిచ్చేది కాదు" అన్నారు.

ఫోర్సైత్‌లో 1910 జనాభా లెక్కల్లో 1,098 మంది నల్లవాళ్ళు ఉన్నారు. 1912లో ఒక తెల్ల అమ్మాయి ప్రాణం తీసిన దాడి జరిగాక ఒకణ్ణి గుంపు చంపేసింది, ఇద్దరు కుర్రాళ్ళని ఉరితీశారు, గుర్రాల మీద తిరిగి చర్చిలు తగలబెట్టి, మిగిలిన వాళ్ళందరినీ తరిమేశారు. పొలాలున్నవాళ్ళు చవగ్గా అమ్ముకున్నారు, అమ్ముకోలేనివాళ్ళు వదిలేసి పోయారు. వదిలేసిన కొన్ని భూములకి పక్క తెల్లవాళ్ళు పన్ను కట్టడం మొదలుపెట్టి, కాలక్రమంలో అవి తమవే అన్నారు. పన్ను రశీదే హక్కు కాగితమైంది. 1987లో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ నాయకత్వంలో మార్చ్ చేసినవాళ్ళ మీద కమ్మింగ్‌లో రాళ్ళు పడ్డాయి. వారం తర్వాత ఇరవై వేల మంది వచ్చి మళ్ళీ నడిచారు. పెద్దావిడకి అప్పుడు 22 ఏళ్ళు, టీవీలో చూశారట.

పదేళ్ళుగా ఆ రోడ్ల మీదే కారు నడుపుతున్నాను. ఆవిడ ముందు కూర్చుని వినే వరకు నా మనసులో అది చరిత్రగానే ఉంది.

ఓనరు ఉత్తరం లేని లోటుని చర్చి తీర్చింది. జాబితాలో ప్రార్థనా స్థలం ఇచ్చే ఉత్తరం కూడా చెల్లుతుంది. ఆదివారం బడి హాజరు పుస్తకంలో ఇద్దరు పిల్లల పేర్లు, ఏడాది పొడుగునా టిక్కులు ఉన్నాయి. పాస్టరు లెటర్‌హెడ్ మీద చిరునామా, తేదీలతో రాసిచ్చారు. రెండు విద్యా సంవత్సరాల ఉత్తరాలు, వరస తప్పు ఎలా పడిందో వివరిస్తూ నా లేఖ జతచేసి పంపాను. జవాబివ్వకుండా వదిలేసి ఉంటే 90 రోజుల నోటీసు వచ్చేది, క్రెడిట్ కొట్టేసేవారు, మరుసటి ఏడాది మళ్ళీ అడగాలంటే ఫారం 8862 పెట్టాల్సి వచ్చేది. ఇలా వదిలేసేవాళ్ళే చాలామంది. రుజువు తేలేక ఊరుకున్నవాళ్ళు కూడా లెక్కల్లో అనర్హుల కింద చేరిపోతారు.

2024 జనవరిలో మొత్తం క్రెడిట్ మంజూరైంది. ఆలస్యానికి వడ్డీ నాలుగు వందల డాలర్ల పైచిలుకు కూడా వచ్చింది. ప్రభుత్వం ఇచ్చిన వడ్డీ ఏడాదికి ఏడెనిమిది శాతం, ఆవిడ మొదట్లో కట్టింది నెలకి ఇరవై అయిదు. మొదట టైటిల్ విడిపించుకున్నారు.

ఫిబ్రవరిలో 2023 రిటర్ను కోసం మళ్ళీ చర్చి హాలుకి వచ్చారు. ఈసారి చేతిలో జిప్‌లాక్ కవరు. రెండు స్కూలు ఉత్తరాలు, టీకాల రికార్డు, పాస్టరు ఉత్తరం, నాలుగు సర్టిఫికెట్లు, వరసలో పెట్టుకున్నారు. వరస గడిలో మనవడు, మనవరాలు అని నేనే టైపు చేసి ఆవిడకి స్క్రీన్ తిప్పి చూపించాను. దగ్గరికి వంగి రెండు పేర్లూ మెల్లగా చదువుకున్నారు.

"ఇవన్నీ ప్రతి ఏడూ తేవాలా?"

అడగరు, కానీ ఉంచుకోండి అన్నాను. ఆవిడ కవరు మూసి, జిప్పు మీద వేలితో ఒకసారి గట్టిగా నొక్కి చూసుకుని, బ్యాగులో పెట్టుకున్నారు.